పాపికొండలకు మా తొలి లాంచీ ప్రయాణము

భూగోళపాఠము చెప్పువారి కొక చిక్కు కలదు. ఎన్నడును చూడని కొండలను, ఎన్నడును దాటని నదులను చూచినట్లే వర్ణింపవలసి యుండును. మేమును ఇరువది యేండ్లుగా అట్లే చేయుచున్నాము. నల్లబల్లపై నీలిసుద్దతో ఒక గీత గీసి, ‘ఇది మన పెన్‌గంగ’ అందుము. దానికి వార్ధాను కలుపుదుము. వార్ధాకు వైన్‌గంగను కలిపి, దానికి ప్రాణహిత యని పేరు వ్రాయుదుము. ప్రాణహితను కాళేశ్వరము కడ గోదావరిలో కలిపి, గోదావరిని పాపికొండల నడుమనుండి నడిపించి సముద్రమున విడిచి, చేతులకంటిన సుద్దపొడి దులిపికొందుము. పాఠము ముగియును.

ఒకనాడు ఆరవ తరగతి బాలుడొకడు లేచి, “సార్, పాపికొండలు మీరు చూచిండ్రా?” అని యడిగెను. లేదంటిమి. వాడు మరేమియు అనక కూర్చుండెను. ఆ బాలుని యూరు పెన్‌గంగ యొడ్డుననే యున్నది. మాకు ఆ దినమంతయు ఏదియో అప్పుపడినట్లు తోచెను. గడచిన కార్తికమాసమున, దీపావళి సెలవులలో, కుటుంబసమేతముగా పాపికొండల లాంచీ ప్రయాణము చేయుట కదియే కారణము. మా యింట ఎవరికిని అంతకు ముందు పడవప్రయాణమనునది తెలియదు. ఆ ముచ్చటలు మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఉపయోగపడునని తలచి ఇచట వ్రాయుచున్నాము.

బయలుదేరినవారము ఏడుగురము. డెబ్బది రెండేండ్ల మా తల్లిగారు, మేము, మా గృహిణి, పదవతరగతి చదువుచున్న పెద్దమ్మాయి, పండ్రెండవ తరగతిలోనున్న మా అన్నగారి కుమారుడు, ఐదవతరగతి చదువు మా అబ్బాయి, ఆరేండ్ల చిన్నమ్మాయి. ఏడుగురికి ఏడు కోరికలు. మా అన్నగారి కుమారుని కన్ను సముద్రపు నౌకలమీద నుండెను. 2022లో విశాఖపట్నమునుండి పుదుచ్చేరికిని చెన్నైకిని విహారనౌక యొకటి ప్రయాణికులను తీసికొనిపోయిన సంగతియు, 2023 జనవరి 13న కాశీలో బయలుదేరి 51 దినములలో దిబ్రూగఢ్ చేరునట్లు గంగా బ్రహ్మపుత్రలపై మరియొక నౌక నడచిన సంగతియు అతడు ఫోనులో చూచి యుండెను. “ఓడలో ఈతకొలను ఉంటది, బాబాయ్!” అని యతడు, “ఏటిమీద పోతూ మళ్ళా ఈతకొలనెందుకు?” అని మా తల్లిగారు. పెద్దమ్మాయికి ఎచటికి పోవుటయు అంతగా ఇష్టము లేదు; మార్చిలో పరీక్షలు. చిన్నమ్మాయికి కిటికీ పక్క చోటు దొరికిన చాలును. చివరకు మా జీతమే తీర్పు చెప్పెను. సముద్రపు నౌక పేరు మరల ఎవరును ఎత్తలేదు.

అయినను మా తల్లిగారు వెంటనే ఒప్పుకొనలేదు. 2019 సెప్టెంబరు 15వ తేదీని ఆమె మరువలేదు. ఆ దినమున గండిపోచమ్మ కడనుండి పాపికొండలవైపు ఎగువకు బయలుదేరిన లాంచీ యొకటి కచ్చులూరు వద్ద వరదనీటి సుడిలో మునిగిపోయెను. అందు డెబ్బదిమందికి పైగా నుండిరి. ఒడ్డుననున్న గిరిజనులు నాటుపడవలతో పరుగెత్తి వచ్చి రక్షింపగా 26 మంది మాత్రమే ప్రాణములతో బయటపడిరి. పిదప లాంచీలను చాలకాలము నిలిపివేసి, నియమములు బిగించి మరల అనుమతించిరి. వరదకాలమున ఇప్పుడు లాంచీలు నడువవు. ఈ సంగతులన్నియు ఆమెకు చెప్పితిమి. ఆమె అంతయు విని, “రూల్స్ ఉన్నయంటవు సరే. రూల్స్ చూసేటోడు ఉండాలె గద. పిల్లల మీద ఒక కన్నేసి ఉంచుతనని నాకు మాటియ్యి, వస్త” అనెను. మాటిచ్చితిమి. మాట ఇచ్చుట ఎంత సులభమో అప్పుడు తెలిసినది. దానిని నిలుపుకొనుట ఎట్టిదో పోచవరము రేవులో తెలిసినది.

ప్రయాణమునకు వారము దినముల ముందు మా అబ్బాయి లెక్కల నోటుపుస్తకమునుండి ఒక కాగితము చించి, పడవ చేసి, పెన్‌గంగలో విడిచి వచ్చెను. అది తమకంటె ముందు పాపికొండలు చేరునా యని వాని సందేహము. “కాగితం ఒక్క గంటకే నానిపోతదిరా” అని మా అన్నగారి కుమారుడు నవ్వెను. “పడవ నానినా నీళ్ళొస్తయ్ గద” అని వాడు బదులు చెప్పెను. ఆ మాటకు మా వద్ద తిరుగు లేకపోయెను. నిజమే, నీళ్ళు వచ్చును. ఘుగ్గుస్ ప్రాంతమున పెన్‌గంగ వార్ధాలో కలియును. మధ్యప్రదేశ్‌లోని ముల్తాయి ప్రాంతమున పుట్టిన వార్ధా మన రాజురా పక్కగా పారి, వైన్‌గంగతో కలిసి ప్రాణహిత యగును. ప్రాణహితగా ఆ నది ప్రవహించునది 113 కిలోమీటర్లే. కాని గోదావరి యుపనదులలో నీటిని ఎక్కువగా తెచ్చునది అదియే. నాసిక్ వద్ద త్ర్యంబకేశ్వరమున పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించు గోదావరి, కాళేశ్వరము వరకు ఒక విధమైన నది; అచటినుండి మరియొక విధమైన నది.

కోర్పనానుండి బస్సులో గడ్‌చాందూరు, రాజురా మీదుగా వార్ధా వంతెన దాటి బల్లార్షా చేరితిమి. అచట రైలెక్కితిమి. బల్లార్షాకును కాజీపేటకును నడుమ ఈ రైలుదారి 1929 నాటికి పూర్తియైనది. సిర్పూరు దాటినది మొదలు స్టేషన్ల పేర్లు తెలుగులో కనబడగానే చిన్నమ్మాయి ఒక్కొక్క పేరును కూడబలుకుకొని బిగ్గరగా చదువజొచ్చెను. ఆమెకు అక్షరములు వచ్చి ఆరు మాసములే యైనది. ఎదుటి బల్లపైనున్న ముసలాయన ఆమె తప్పు చదివినప్పుడెల్ల దిద్దుచు, రామగుండము వరకు ఆమెకు గురువైపోయెను.

మంచిర్యాల దాటిన పిమ్మట రైలు గోదావరి వంతెనపై కెక్కెను. మా తల్లిగారు కొంగుముడి విప్పి ఒక నాణెము నదిలో వేసిరి. మా అబ్బాయి కిటికీ చువ్వలకు నుదురు ఆనించి, “బాపూ, ఇండ్ల మన నీళ్ళున్నయా?” అని యడిగెను. “ఇంకా లేవు. మన నీళ్ళు ఇంకా కిందికి పోయినంక కాళేశ్వరం కాడ కలుస్తయ్” అంటిమి. ఇరువదియేండ్లుగా పటమున చూపుచున్నను, ఈ వంతెన క్రింది నీటిలో మన నీరు లేదను సంగతి మాకును ఆ క్షణముననే స్ఫురించినది.

ఇట్లు రైలులో కాజీపేట, డోర్నకల్లు చుట్టి పోవుచుండగా మాకు ఒక పాతకథ జ్ఞప్తికి వచ్చి పెద్దపిల్లలకు చెప్పితిమి. ధవళేశ్వరము ఆనకట్టను 1847 మొదలు 1852 వరకు కట్టించిన ఆర్థర్ కాటన్ దొరకు మరియొక ఆలోచన యుండెను. గోదావరి, ప్రాణహిత, వార్ధా నదులను పడవలకు అనుకూలముగా చేసినచో, హింగణ్‌ఘాట్ ప్రత్తి మూటలు నేరుగా నీటిమీదనే కాకినాడ సముద్రతీరమునకు చేరునని ఆయన యూహ. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము మొదలై అచటి ప్రత్తి ఇంగ్లండుకు రాక ఆగిపోవుటతో ఈ దారికి విలువ హెచ్చెను. నదిలో రాతిబండలు అడ్డముగా నున్న చోట్ల కట్టలు, కాలువలు, లాకులు కట్టి పడవలను దాటింపవలెనని భద్రాచలమునకు ఎగువన దుమ్ముగూడెము వద్దను, ఇంకను ఎగువన ఇచ్చంపల్లి వద్దను పనులు సాగించిరి. వ్యయము పెరిగినది, ఫలము కనబడలేదు. 1871లో ప్రభుత్వము పనులు నిలిపివేసెను. దుమ్ముగూడెపు ఆనకట్ట మాత్రము నేటికిని నిలిచియున్నది.

“అయితే ఆ పని పూర్తయ్యుంటే మనం రాజురా కాడనే పడవెక్కేటోళ్ళమా?” అని మా అన్నగారి కుమారు డడిగెను. ప్రయాణమున అతడు ఫోనునుండి తల యెత్తుట అదియే మొదలు. “ఎక్కేవాళ్ళమేమో” అంటిమి. అతడు వెంటనే ఫోనులో పటము తెరచి, వేలితో వార్ధానుండి దిగువకు దారి పట్టుకొని పోజొచ్చెను. ఫోనును నిందించుట మా వంటి ఉపాధ్యాయుల కలవాటు. ఆనాడు మాత్రము అది మా నల్లబల్లకంటె మెరుగుగనే పనిచేసినదని యొప్పుకొనవలెను.

కొత్తగూడెములోనున్న భద్రాచలం రోడ్డు స్టేషనులో దిగి, బస్సులో గోదావరి దాటి భద్రాచలము చేరితిమి. పదునేడవ శతాబ్దమున కంచర్ల గోపన్న కట్టించిన రామాలయమున దర్శనము చేసికొని, మరునాటి ఉదయము స్నానఘట్టమునకు పోయితిమి. అచట వరదకాలమున నీటిమట్టమును అడుగులలో కొలుతురు. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కు మూడవది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చినది. 2022 జూలైలో 71.3 అడుగులు. పిల్లలను గట్టుపై నిలబెట్టి, అంత యెత్తున నీరుండిన ఏ యే ఇండ్లు మునుగునో చూపితిమి. 2022లో మన ప్రాంతమున పెన్‌గంగ, వార్ధా పొంగి సోయా, ప్రత్తి చేలు మునిగిన సంగతి వారికి తెలియును. “మన చేలు ముంచిన నీళ్ళే ఇక్కడి ఇండ్లు ముంచినయా?” అని పెద్దమ్మాయి మెల్లగా అడిగెను. కొంతమట్టుకు అంతే యంటిమి.

పోచవరము రేవునకు పోవలసిన జీపు భద్రాచలము దాటగనే తెలంగాణ సరిహద్దు దాటి ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశించును. పోలవరము ఆనకట్ట కారణముగా మునుగబోవు ఏడు మండలముల ప్రాంతమును 2014లో తెలంగాణమునుండి ఆంధ్రప్రదేశ్‌కు మార్చిరి. ఊళ్ళు కదలలేదు, రాష్ట్రము మారినది. ఈ సంగతి కోర్పనావారికి క్రొత్త కాదు. మన రాజురా ప్రాంతము హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాలో నుండి, 1956లో బొంబాయి రాష్ట్రమునకు పోయి, 1959లో చాందా జిల్లాలో చేరినది. 1960లో మహారాష్ట్ర ఏర్పడగా మహారాష్ట్రమైనది. మా తల్లిగారు పుట్టినింట ఉన్నచోటనే యుండి ఇన్ని మార్పులు చూచిరి. ఇంకొక వింత కూడ కలదు. భద్రాచలము, రేకపల్లి తాలూకాలు ఒకప్పుడు సిరొంచ ముఖ్యపట్టణముగా నుండిన ఎగువ గోదావరి జిల్లాలోనివి. 1874లో ఆ రెంటిని మద్రాసు రాజధానిలో చేర్చి, మిగిలిన భాగమును చాందా జిల్లాలో కలిపిరి. కాగా ఆ మన్యమునకును మన జిల్లాకును ఒకనాడు పొత్తు లేకపోలేదు.

కూనవరము వద్ద శబరి గోదావరిలో కలియుటను జీపు ఆపి చూచి, వంతెన దాటి, పోచవరము రేవు చేరుసరికి తొమ్మిదిన్నర గంటలైనది. రేవులో మా పేర్లు, వయస్సులు వ్రాసికొనిరి. టికెట్లు ముందుగనే కొని యుంటిమి. లాంచీ రెండంతస్తులది. మా తల్లిగారిని చేయి పట్టి దింపి క్రింది అంతస్తులో కిటికీ పక్కన కూర్చుండబెట్టితిమి. నారింజరంగు లైఫ్ జాకెట్లు ఇచ్చిరి. పెద్దలమెల్లరము తొడిగికొంటిమి. మా అబ్బాయికి కొంచెము వదులైనను పట్టీలు బిగింపగా సరిపోయెను. చిన్నమ్మాయికి ఇచ్చినది మాత్రము పెద్దవారిది. అది ఆమె మోకాళ్ళవరకు దిగెను. అందరును నవ్విరి, ఆమెయు నవ్వెను.

పెద్దమ్మాయి నవ్వలేదు. చెల్లెలి వెనుక నిలిచి, జాకెట్టు భుజములను రెండు చేతులతో పట్టి పైకెత్తెను. జాకెట్టు ఆమె చేతిలోనికి వచ్చెను. చిన్నమ్మాయి క్రిందినుండి జారి బల్లమీద నిలిచియుండెను. “చూసినవా బాపూ? నీళ్ళల్ల పడితే జాకెట్టు పైన తేలుతది, పిల్ల కిందికి పోతది” అనెను. లాంచీలోని పనివానిని పిలిచి చిన్న జాకెట్టు ఇమ్మంటిమి. “చిన్నవి లేవండి. పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. ఏం కాదు సార్, రోజూ తీసుకెళ్తున్నాంగా” అని యతడు మర్యాదగనే చెప్పి పోయెను.

ఇచట మా తప్పు దాచుట న్యాయము కాదు. మేము ఊరకుండుటకే సిద్ధపడితిమి. అంత దూరము వచ్చితిమి, టికెట్ల డబ్బు పోవును, తల్లిగారు కూర్చుండి యున్నారు, చుట్టును జనము చూచుచున్నారు, నది కూడ అద్దమువలె నిశ్చలముగా నున్నది. ఒక్కపూట ఒడిలో కూర్చుండబెట్టుకొన్న చాలునని మనస్సు సర్ది చెప్పుకొనుచుండెను. పెద్దమ్మాయి మాత్రము, “చెల్లికి సరిపోయేది లేకుంటే నేను రాను, దీన్ని రానియ్య. ఇంటికాడ నాయనమ్మకు ఏం మాటిచ్చినవ్?” అని చెల్లెలి చేయి పట్టుకొని మెట్ల కడకు నడచెను. పదిమందిలో కూతురిట్లు ఎదిరించుటచే మాకు మొదట కలిగినది కోపము. సిగ్గు తరువాత వచ్చినది. మా తల్లిగారు ఒక మాటయు అనక, చేతికర్ర వెదకికొని లేచి నిలిచిరి. అంతట మేమందరము లేచితిమి.

ఏడుగురు దిగుట చూచి, మూడేండ్ల బాలుని ఎత్తుకొనియున్న ఒక తల్లి, “మాకూ చిన్నది కావాలి” అనెను. వెనుకనుండి మరియొకరు అనిరి. అప్పుడు పనివాడు ఒక కుర్రవానిని పక్క లాంచీకి పంపెను. ఇరువది నిమిషములలో నాలుగు చిన్న జాకెట్లు వచ్చెను. ఆలస్యమైనదని విసుగుకొన్నవారు కలరు. మేము ఎవరితోను వాదింపలేదు. పెద్దమ్మాయి చెల్లెలికి జాకెట్టు తొడిగి, పట్టీలు బిగించి, మరల భుజములు పట్టి ఎత్తి చూచెను. ఈసారి జాకెట్టుతో కూడ పిల్లయు లేచెను. “ఇప్పుడు పోదాం” అనెను.

లాంచీ కదలెను. మొదటి గంటలో నది విశాలము. ఇరువైపుల పచ్చని కొండలు దూరముగా నుండెను. పైయంతస్తులో సినిమాపాటలు, నృత్యములు మొదలయ్యెను. మా అన్నగారి కుమారుడు పైకి పోయి మరల దిగిరాలేదు. ఫోనులకు సిగ్నలు పోయెను. పది నిమిషములు పెద్దపిల్లల ముఖములు చిన్నబోయినవి గాని, తరువాత ఫోను జ్ఞప్తియే లేనట్లుండిరి. మా అబ్బాయి చుక్కాని పట్టినవాని వెనుక చేరి, ఇసుకమేట ఎచట నున్నదో నీటిరంగు చూచి అతడెట్లు కనుగొనుచున్నాడో అడిగి తెలిసికొనుచుండెను. ఎండకాలమున నీరు తగ్గినప్పుడు దారి మారుననియు, సుడులు ఎచట లేచునో తాతతండ్రులనుండి నేర్చుకొంటిమనియు ఆయన వానికి చెప్పెనట. మా పాఠ్యపుస్తకములలో ఈ భూగోళము లేదు.

క్రమముగా కొండలు దగ్గరకు వచ్చెను. నది ఒక మలుపు తిరిగెను. ముందు దారి మూసికొని పోయినట్లు కొండ అడ్డముగా నిలిచెను. ఎటు పోవుదుమా యనుకొనుచుండగనే కొండ పక్కకు తొలగినట్లయి సన్నని దారి కనబడెను. ఇట్లు రెండు మూడు మారులు జరిగెను. స్త్రీల తలలోని పాపిడివలె నది కొండలను రెండు పాయలుగా తీర్చినందున వీనికి పాపిడికొండలను పేరు కలిగి, అది పాపికొండలైనదని చెప్పుదురు. అంత విశాలమైన గోదావరి అచట ఇరుకున నణగి, లోతుగా, చప్పుడు లేక పారుచుండెను. చల్లగాలి వీచెను. పైన పాటలు తమంతట తామే ఆగిపోయెను. మహారాష్ట్రలో సగము నేలను, విదర్భను, తెలంగాణమును, బస్తరును కడిగి వచ్చిన నీరంతయు ఈ ఒక్క సందునుండి పోవలసినదే. నల్లబల్లపై మేము గీచిన గీత ఇచట అంగుళములో పదియవవంతు కూడ లేదు.

మా అబ్బాయి మా చేయి లాగి, “ఇప్పుడు మన నీళ్ళున్నయ్ గద?” అనెను. ఉన్నవంటిమి. వాడు కమ్మీలనుండి చేయి బయటకు చాపబోగా పెద్దక్క వాని జాకెట్టు వెనుకనుండి పట్టుకొనెను. ఆనాడు ఆ పిల్ల చేయి ఎవరో యొకరి జాకెట్టుమీదనే యుండెను.

పేరంటాలపల్లి వద్ద లాంచీ ఆగెను. మెట్లెక్కి శివాలయమును, కొండమీదినుండి జారు సెలయేటిని చూచితిమి. దారికి ఇరుప్రక్కల కొండరెడ్ల స్త్రీలు వెదురుతో చేసిన పూలు, బుట్టలు పెట్టుకొని కూర్చుండిరి. కొండరెడ్లు మాటలాడునది తెలుగే, పలుకుబడి వేరు. పెద్దమ్మాయి ఒకామె వద్ద వెదురుపూలు బేరమాడుచుండగా ఆమె, “ఏ ఊరమ్మా మీది?” అని యడిగెను. “మహారాష్ట్ర” అని మా పిల్ల చెప్పెను. “మహారాష్ట్రా? మరి తెలుగు మాట్లాడుతున్నావే!” అని యామె ఆశ్చర్యపడెను. “మా ఊర్ల తెలుగు బడి ఉన్నది. ఈ నీళ్ళు గూడ మా దిక్కు నుంచే వస్తయ్” అని మా పిల్ల కొంచెము గర్వముగా చెప్పెను. ఆమె పూలకట్ట చేతిలో పెట్టుచు, “అయితే మాకు వరద పంపేది మీరేనన్నమాట!” అని నవ్వెను. మా పిల్లయు నవ్వెను గాని, వెంటనే ఆ నవ్వు ఆగిపోయెను. “మరి వరదొస్తే మీరేం చేస్తరు?” అని యడిగెను. “కొండెక్కుతాం. డ్యాం నిండితే ఇక ఎక్కడికో పోవాల్సిందే” అని యామె మరియొక బేరమువైపు తిరిగెను.

పోలవరము జలాశయము పూర్తిగా నిండిననాడు నీటిమట్టము 150 అడుగులుండునని నిర్ణయము. అనేక గ్రామములు ఆ నీటిలో చేరును. ఆ నీటిచే దిగువన ఎన్నో ఎకరములు పండును, పట్టణములకు త్రాగునీరు దొరకును, అదియు నిజమే. కాని ఇంతకు ముందు ఊరు కదలక రాష్ట్రము మాత్రము మారినవారికి, ఈసారి ఊరే కదలుచున్నది. తిరుగుప్రయాణమున పెద్దమ్మాయి వెదురుపూలు ఒడిలో పెట్టుకొని చాలసేపు మాటలాడలేదు. తెలుగు బడిలో చదువుటవలన లాభమేమని సంవత్సరమునకు నాలుగుమారులు మమ్ము ప్రశ్నించు పిల్ల ఆమె. ఆనాడు మేమును ఆ ప్రసంగము ఎత్తలేదు. ఆ కొండమీద ఒక ముసలమ్మ కష్టమును నేరుగా విని అర్థము చేసికొనుటకు ఆ బడి చదువే ఆమెకు పనికివచ్చెను. అది ఆమెకు తెలియును.

సాయంకాలము పోచవరములో దిగునప్పుడు, ఉదయము చిన్న జాకెట్లు లేవన్న పనివాడే చిన్నమ్మాయిని ఎత్తి ఒడ్డున దింపెను. “మీ పెద్దమ్మాయి పోలీసవుతుంది సార్” అని నవ్వెను. మా తల్లిగారు, “కావద్దా?” అనిరి.

ఇట్టి ప్రయాణము చేయదలచువారికి మా అనుభవమునుండి కొన్ని మాటలు చెప్పవచ్చును. వరదకాలమున పోవలదు, లాంచీలు నడుచుచున్నవో లేదో ముందే కనుగొనవలెను. పిల్లలకు సరిపడు జాకెట్లు ఉన్నవా యని టికెట్లు కొనక ముందే అడుగవలెను. తొడిగిన పిదప భుజములు పట్టి ఎత్తి చూడవలెను. పెద్దపిల్లలను బలవంతముగా వినోదపరచ బూనుకొనక, చిన్నవారి బాధ్యత నొకదానిని వారి చేతికీయవలెను. వృద్ధులను క్రింది అంతస్తులో, దిగుదారికి దగ్గరగా కూర్చుండబెట్టవలెను. అన్నిటికంటె ముఖ్యము, ఇంత దూరము వచ్చితిమి గదా యను ఆలోచనను ఇంటి కడనే విడిచి రావలెను. నీటిమీద ప్రమాదమునకు తొలిమెట్టు అదియే.

సెలవులు ముగిసి బడి తెరచినారు. ఆరవతరగతిలో మరల నదుల పాఠము వచ్చినది. నీలిసుద్దతో గీత గీచి, పాపికొండల కడకు వచ్చుసరికి దానిని ఎంత సన్నముగా గీయవలెనో తెలియక మా చేయి ఒక క్షణము ఆగెను. ఆ బాలుడే లేచి, “ఇప్పుడు చూచిండ్రా సార్?” అని యడిగెను. “చూచితిమి. చెప్పెదము, కూర్చుండుము” అంటిమి. ఆనాడు గంట కొట్టిన పిదప కూడ పాఠము సాగెను.